4×5 షీట్ ఫిల్మ్ ట్యాంకుకి చవక 3డి ప్రింట్ ఇన్సర్ట్ కొంటున్నారా? జాగ్రత్త

పాటర్సన్ ట్యాంకులో (వెలుతురు చొరకుండా ఫిల్మ్ డెవలప్ చేసే డబ్బా) పెట్టి 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ కడుక్కునే 3డి ప్రింట్ ఇన్సర్టులు ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తున్నాయి. ఒకటి తెప్పించాను. మంచి నెగటివ్‌లు పోయాయి, డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. అమ్మిన వాళ్ల పేరు రాయడం లేదు. ప్రింటర్ ఉన్న ఎవరైనా ఇలాంటివి చేసి అమ్మొచ్చు కాబట్టి, పేరు కంటే లోపం ఎక్కడుందో తెలియడమే మీకు పనికొస్తుంది.

ఈ పద్ధతిలో పేరున్న ఇన్సర్ట్ మాడ్54. పాటర్సన్ మూడు రీళ్ల ట్యాంకులో ఒకేసారి 6 షీట్లు నిలబెడుతుంది, లీటరు మందు పడుతుంది. దాన్ని ట్యాంకుతో వచ్చిన నల్ల సెంటర్ ట్యూబ్ మీదే గుచ్చాలి. ఆ ట్యూబూ మూతలోని గరాటూ కలిస్తేనే లోపలికి వెలుతురు రాదు. నాకు వచ్చిన ఇన్సర్ట్‌కి మాత్రం ట్యూబ్ కూడా కలిపే ప్రింట్ చేశారు, అసలు ట్యూబ్ దానిలో పట్టదు. అమ్మకం పేజీలో ఈ ముక్క ఎక్కడా లేదు. పైగా ఆ ట్యూబ్ పల్చగా ఉంది. లోపల ఫోన్ టార్చ్ వేస్తే గోడలోంచి వెలుతురు కనిపిస్తోంది!

ఫలితం ఊహించొచ్చు. ట్యూబ్ వైపున్న అంచుల నుంచి నెగటివ్‌లు నల్లబడ్డాయి. అడిగితే "మీ ఫిల్మ్ హోల్డర్ లీకై ఉంటుంది సార్" అన్నారు. హోల్డర్ (షీట్‌ని కెమెరాలో పెట్టే చట్రం) పట్టాల కింద ఉండే సన్నటి అంచుకి కెమెరాలో వెలుతురు తగలదు, అది పారదర్శకంగానే మిగలాలి. నా షీట్లలో ఆ అంచు కూడా నల్లబడింది. అంటే వెలుతురు తగిలింది షీట్ హోల్డర్‌లో ఉన్నప్పుడు కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఎవరితోనైనా వాదించాల్సి వస్తే అక్కరకొస్తుంది. ఆ ఫొటోలు పంపాక జవాబు మారింది: "ప్రింటింగ్‌లో కొంచెం తేడా మామూలే, తెరిచిన వస్తువు రిటర్న్ తీసుకోం."

రెండో లోపం షీట్లను పట్టే గాడులది. లోతు చాలదు. ట్యాంకు తిరగేస్తే షీట్ జారి పక్కదానికి అతుక్కుంటుంది. అతుక్కున్న చోటికి డెవలపర్ (బొమ్మని తేల్చే మందు) అందదు. ఫిక్సర్ (బొమ్మని నిలిపే మందు) చేరితే అక్కడ ఖాళీ మచ్చ, అదీ చేరకపోతే పాలలాంటి మచ్చ. రెండోదాన్ని మళ్లీ ఫిక్స్ చేస్తే పారదర్శకమవుతుంది కానీ పోయిన బొమ్మ తిరిగి రాదు.

కొన్నాక అసలు ఫిల్మ్ వేయకముందే ఒక వేస్ట్ షీట్ పెట్టి, ఉత్త నీళ్లు పోసి, డెవలపింగ్ టైం అంతసేపూ తిరగేసి చూడండి. జారేదైతే అప్పుడే జారుతుంది. తర్వాత ఎక్స్‌పోజ్ చెయ్యని షీట్ చీకట్లో లోడ్ చేసి, ట్యాంకుని కాసేపు ఎండలో ఉంచి డెవలప్ చెయ్యండి, నల్లబడితే వెలుతురు లోపలికి వస్తున్నట్టే. ఒక షీట్ ఖర్చవుతుంది, పర్లేదు.

నీళ్లు నింపడానికి ఎంతసేపు పడుతోందో కూడా స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మన ఎండాకాలానికి ఇదే అసలు టెన్షన్. 20 డిగ్రీలకు ఇచ్చిన డెవలపింగ్ టైం 27 డిగ్రీల దగ్గర దాదాపు సగానికి పడిపోతుంది. 10 నిమిషాలది 5 నిమిషాలైతే, నింపడానికే అర నిమిషం పట్టే ట్యాంకులో కింది భాగం ముందు, పై భాగం తర్వాత డెవలపై ఆకాశం మీద చారలు పడతాయి. ఐసు ముక్కలేసిన తొట్టెలో సీసా పెట్టి డెవలపర్‌ని చల్లార్చుకోవడం మేలు. ముక్కలు నేరుగా మందులో వేయకండి, పలచనైపోతుంది.

డబ్బు మిగలాలనుకుంటే నకలు ఇన్సర్ట్ కంటే మూడు ట్రేలు కొనుక్కోండి. బాత్‌రూమ్ తలుపు సందులు మూసి, పూర్తి చీకట్లో ఒక్కో షీట్ కడిగితే చాలు. ఆలస్యమవుతుంది, కానీ వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందో మీ కంటికే తెలుస్తుంది. ట్యాంకే కావాలంటే స్టియర్‌మన్ వాళ్ల ఎస్పీ-445 ఉంది, 4 షీట్లకి 475 మి.లీ. మందు చాలు. దిగుమతి సుంకం, షిప్పింగ్ కలిపి లెక్కేసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ఇక రిటర్న్ సంగతి. ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువునీ, లోపమున్న వస్తువునీ వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్ వ్యాపారి అనడానికి 2020 ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనలు ఒప్పుకోవు. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్, డబ్బా విప్పేటప్పటి వీడియో దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. నేనూ ఫిర్యాదు పెట్టాను. పెట్టిన తర్వాతే వాళ్ల దగ్గర్నుంచి "సగం డబ్బు ఇస్తాం, రివ్యూ తీసేయండి" అని మెసేజ్ వచ్చింది. తీయలేదు.