నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: పాత ట్రైసెరాటాప్స్ కిట్

ట్రైసెరాటాప్స్ అంటే మూడు కొమ్ముల డైనోసార్. ముక్కలు జోడించి దాని ప్లాస్టిక్ బొమ్మ కట్టుకునే కిట్ ఇది, హ్యూస్టన్‌లో ఒక పాత బొమ్మల సంతలో కొన్నాను. పెట్టె మూత ఒక మూల చిరిగింది కానీ లోపల ముక్కలు ఒక్కటీ పోలేదు. స్కేలు 1:13, అంటే అసలు జంతువులో పదమూడో వంతు. అసలు అచ్చులు అమెరికన్ కంపెనీ అరోరావి, 1971లో మొదలైన 'ప్రీహిస్టారిక్ సీన్స్' వరుస కోసం చేసినవి. అరోరా మూతపడ్డాక అవి మోనోగ్రామ్ అనే ఇంకో కంపెనీ చేతికెళ్లాయి. నాకు దొరికింది మోనోగ్రామ్ పెట్టె. పెట్టెలు దాచుకునేవాళ్ల సంగతి వేరు, బొమ్మ కట్టుకునేవాళ్లకి ఇది చాలు.

ఈ వరుస పిల్లల కోసం చేసింది. గ్లూ లేకుండా నొక్కి బిగించొచ్చు, కాళ్లు కదులుతాయి. అసలు చిక్కంతా ఆ కదలడంలోనే ఉందని నాకు రంగు వేశాక గానీ తెలియలేదు.

ముక్కల్ని ముందు సబ్బునీళ్లలో కడగండి. అచ్చులో పూసిన జిడ్డు ఉండిపోతే రంగు పట్టదు. ఒళ్లు రెండు సగాలు. నొక్కితే కలిశాయి కానీ వీపు పొడవునా గోరు దూరేంత సందు. అక్కడ మాత్రం ప్లాస్టిక్ బొమ్మలకి వాడే గ్లూ పెట్టాను. ఈ గ్లూ మామూలు జిగురులా అంటించదు, ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేస్తుంది, అందుకే కొంచెమే పెట్టాలి. మిగిలిన సందులో పుట్టీ నింపి ఉప్పుకాగితంతో రుద్దాను. సందు పోయింది, దాంతోపాటు ఆ మేర చర్మం మీది గరుకూ పోయింది! గుండు కొట్టించినట్టు వీపు మధ్యలో నున్నటి చార. మళ్లీ పల్చగా పుట్టీ రాసి, తడి ఆరకముందే ఖాళీ పెన్ను రిఫిల్ మొనతో ఒక్కో చుక్కా గుచ్చుకుంటూ పోయాను. రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు చూస్తే ఎక్కడ చేశానో నాకే తెలియదు.

రంగు విషయంలో ఎవరి మాటా వినక్కర్లేదు, ట్రైసెరాటాప్స్ ఏ రంగులో ఉండేదో ఎవరికీ తెలియదు. హ్యూస్టన్ నేచురల్ సైన్స్ మ్యూజియంలో 'లేన్' అనే ట్రైసెరాటాప్స్ అస్థిపంజరం ఉంది. దాంతోపాటు చర్మం ముద్రలు కూడా దొరికాయి. పెద్ద పెద్ద పొలుసులు, కొన్నింటి మధ్యలో బొడిపెలు. కిట్ మీద చర్మం అలా ఉండదు, అప్పట్లో ఊహించుకున్నట్టు ఉంటుంది. దాన్ని సరిచేసే జోలికి పోలేదు. రంగు మాత్రం మా ఊరి గేదెది. చెరువులోంచి లేచి గట్టున నిలబడితే ఒంటి మీద బురద ఆరి తెల్లబారుతుంది చూడండి, అదే కావాలి నాకు. రంగు పట్టడానికి అడుగున వేసే ప్రైమర్ నలుపుది, దాని మీద ముదురు బూడిద రంగు, మడతల్లో దిగేలా నీళ్లగా కలిపిన గోధుమరంగు వాష్, చివర్న దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత మట్టిరంగు ఎత్తుల మీద మాత్రమే. మా ఆవిడ చూసి "దీనికి పాలు పిండొచ్చు" అంది. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నా.

తర్వాత చేసిన పొరపాటు పూర్తిగా నాది. ఆగస్టులో, గారేజీ తలుపు తీసి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టాను. హ్యూస్టన్ తేమ తెలిసీ! పది నిమిషాల్లో ఒళ్లంతా తెల్లటి పొగమంచు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. పొడిగా ఉన్న రోజు చూసి పైన గ్లాసీ (మెరిసే) వార్నిష్ పల్చగా వేస్తే చాలావరకు పోయింది. మెడ వెనక ఇంకా కాస్త మసక ఉంది. అడిగినవాళ్లకి బురద అని చెబుతాను.

ఇక నాలుగేళ్ల లెక్క. ప్లాస్టిక్‌కి ఏమీ కాలేదు. రిఫిల్ గుచ్చుళ్లు చెక్కుచెదరలేదు. నీళ్లతో కలిపే రంగులే వాడాను, కిటికీ ఎండకి దూరంగా పెట్టాను, ఎక్కడా వెలవలేదు. రంగు ఊడింది కీళ్ల దగ్గరే. కాలు తిప్పినప్పుడల్లా భుజం దగ్గర రంగు రాసుకుని, లోపలి ప్లాస్టిక్ అర్ధచంద్రంలా బయటపడింది. మూడుసార్లు టచప్ చేశాను. రంగు పొర మందమై కీలు బిగుసుకుంది, నాలుగోసారి తిప్పితే కిర్రుమని పెచ్చు లేచింది. కదలాలంటే కీలు లోపలివైపు రంగు తగలకుండా టేప్ వేయాలి, అప్పుడైనా అంచు గీసుకుంటుంది. షోకేసులో పెట్టడానికైతే మొదట్లోనే కాళ్లు గ్లూతో అంటించేసి, ఆ సందులు కూడా పుట్టీతో పూడ్చేయాలి. నేను రెండూ కావాలనుకుని రెండింటికీ చెడ్డాను.

అయినా అంటించబుద్ధి కావట్లేదు. మా చిన్నది స్కూలు నుంచి రాగానే దాని ముందుకాలు కొంచెం జరిపి పోతుంది. పొద్దున్నకి నేను ఇంకొంచెం జరుపుతాను. ఈ లెక్కన షెల్ఫ్ ఆ చివరికి చేరడానికి ఇంకో మూడు పుస్తకాల దూరం ఉంది.