మట్టి మీద ట్రక్కుల పందెం: ఎల్డోరానా, బ్రిస్టలా, నాక్స్‌విల్లా?

నాస్కార్ అనే అమెరికా కార్ల పందేల సంస్థ నడిపే పికప్ ట్రక్కుల సిరీస్‌లో, మట్టి మీద జరిగిన పాత పందేల్లో ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటావని ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. 2024లోనూ 2025లోనూ ఆ సిరీస్‌కి మట్టి పందెమే లేదు కాబట్టి రికార్డింగులే దిక్కు. చూడదగ్గవి మూడు ట్రాకుల్లో ఉన్నాయి: ఒహాయోలో ఎల్డోరా (2013–2019), టెన్నెసీలో బ్రిస్టల్ (2021–2023), అయోవాలో నాక్స్‌విల్ (2021, 2022).

మూడూ ఇంచుమించు అర మైలు ఓవల్సే. మూడుచోట్లా ప్రకటించింది 150 ల్యాపులే. ట్రక్కులు అవే, డ్రైవర్లూ సగం మంది వాళ్లే. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టండి. నన్నడిగితే చూడాల్సింది మట్టిని, ఆ మట్టిలో ఉన్న పదునుని, అంటే సరిపడా తడిని.

వ్యవసాయం ఇంట్లో పుట్టినవాళ్లకి పదునంటే విడమరచక్కర్లేదు. వాన వెలిసీ వెలవగానే నాగలి కడితే బురద కరుచుకుంటుంది. నాలుగు రోజులు తాత్సారం చేస్తే గడ్డలు లేస్తాయి. పందెం మట్టికీ అదే లెక్క. తడి ఎక్కువైతే టైర్లు లేపిన బురద వెనకవాడి అద్దానికి పట్టేస్తుంది. మట్టి ట్రాకుల మీద పరుగెత్తే చిన్న, తేలిక స్ప్రింట్ కార్లకి ముందు అద్దమే ఉండదు, డ్రైవరు హెల్మెట్ మీది పలచటి పొరలు ఒక్కొక్కటే చింపి పారేస్తూ పోతాడు. ట్రక్కుకి ఆ వెసులుబాటు లేదు. పైగా గ్రిల్లులో బురద కూరుకుంటే ఇంజను కాగిపోతుంది. తడి తక్కువైతేనా, దుమ్ము. స్ప్రింట్ కారు ఆరేడు వందల కిలోలు, ట్రక్కు పదిహేను వందలు దాటుతుంది. అంత బరువు అన్ని ల్యాపులు తొక్కితే ఏ మట్టైనా ఎండి, నున్నబడి, అద్దంలా మెరుస్తుంది.

బ్రిస్టల్ అసలు కాంక్రీటు ట్రాకు. 2021లో దాని మీద 2,300 లారీల మట్టి పోసి దిమ్మిస కొట్టారు. ఖర్చుకి వెనకాడలేదు, శ్రమలో లోపం లేదు. కానీ ఏళ్ల తరబడి నీళ్లు తాగి కుదురుకున్న నేలకీ, కాంక్రీటు మీద పరిచిన మట్టికీ పోలికెక్కడ? ఆ మార్చిలో శనివారం క్వాలిఫయింగ్ హీట్‌కి (అసలు పందెంలో ఎవరు ఎక్కడ మొదలెట్టాలో తేల్చే చిన్న పందేనికి) ట్రక్కులు తడి నేల మీదికి వెళ్లాయి. ఒక్క ల్యాపు తిరిగేసరికి అద్దాలన్నీ బురద కప్పుకుని డ్రైవర్లకి దారి కనపడక ఆపేశారు. ఆదివారం వాన. సోమవారం మిట్టమధ్యాహ్నం ట్రక్కులు, సాయంత్రం నాస్కార్ పెద్ద సిరీస్ అయిన కప్ కార్లు. అప్పటికి కథ తిరగబడింది: ఒకటే దుమ్ము. మధ్యలో నెమ్మదించాక పందెం మళ్లీ ఊపందుకునే కప్ రీస్టార్టులు జంటలుగా కాకుండా ఒకరి వెనక ఒకరుగా పెట్టాల్సి వచ్చింది. రెండు రోజుల్లో బురదా చూశారు, దుమ్మూ చూశారు, మధ్యలో ఉండాల్సిన పదును మాత్రం నిలవలేదు.

తర్వాతి రెండేళ్లూ కొంత నయం, అది ఒప్పుకోవాలి. గిన్నెలాంటి ఆ స్టేడియం హంగే వేరు కూడా. 2022లో బెన్ రోడ్స్, 2023లో జోయీ లొగానో ట్రక్కుల్లో గెలిచారు. 2024 నుంచి మళ్లీ కాంక్రీటే.

నాక్స్‌విల్ మట్టి నల్లది, జిగటది. మన నల్లరేగడి గుర్తొస్తుంది. స్ప్రింట్ కార్లకి అదొక పుణ్యక్షేత్రం. ట్రక్కులకి మాత్రం కలిసిరాలేదు. 2021లో ఆస్టిన్ హిల్ గెలిచేలోపు ఎన్ని ఢీలో, అందర్నీ నెమ్మదించమనే పసుపు జెండాలు ఎన్నో! 2022 పందెం టాడ్ గిలిలాండ్‌ది. ఆ ట్రాకు మీద ప్రేమ ఉంటే చూడండి.

ఇక ఎల్డోరా. 1954లో ఎర్ల్ బాల్టెస్ కట్టాడు, 2004లో నాస్కార్ డ్రైవరు టోనీ స్టీవార్ట్ కొన్నాడు. 1970లో నార్త్ కరోలినాలోని రాలీ నగరంలో రిచర్డ్ పెటీ గెలిచాక నాస్కార్ జాతీయ సిరీస్ ఏదీ మట్టి తొక్కలేదు. మళ్లీ తొక్కింది 2013 జూలైలో ఇక్కడే. ఆ రాత్రి గెలిచింది ఆస్టిన్ డిల్లన్. నేను మాత్రం చివరి అవకాశం హీట్‌లో నార్మన్ బెనింగ్‌ని చూడమంటాను. సొంత ట్రక్కు, అరవై ఒక్కేళ్ల వయసు. అసలు పందెంలో మిగిలిన ఆఖరి చోటు కోసం వెనక నుంచి క్లే గ్రీన్‌ఫీల్డ్ గుద్దుతుంటే, గోడకి రాసుకుంటూ కూడా వదల్లేదు. పిట్ రోడ్డులోకి వస్తుంటే మిగతా జట్ల మెకానిక్కులు ఎదురెళ్లి చప్పట్లు కొట్టారు.

ఇక్కడ గోడ పక్కన, అంటే పైవరసలో, టైర్లు నెట్టిన వదులు మట్టి గట్టులా పేరుకుంటుంది. కుషన్ అంటారు. దానికి వెనక చక్రం ఆనించి తిరిగినవాడికి వేగం. అంగుళం పైకి పోతే గోడే. 2014లో కైల్ లార్సన్ బబ్బా వాలస్‌ని తరుముతూ ఆ గోడని గుద్దీ గుద్దీ ట్రక్కుని పీనుగ చేశాడు. కింద ఇంకో దారి కూడా బతికే ఉంటుంది. రాత్రి పూట పెట్టడం వల్ల తడి త్వరగా పోదు కాబట్టే ఆ రెండు దారులూ. దాటెయ్యడానికి చోటుండేది అందుకే.

2018లో నేను కొలంబస్ నుంచి వెళ్లాను. బుధవారం రాత్రి, దారంతా మొక్కజొన్న చేలు. పాప్‌కార్న్ తింటుంటే పళ్ల కింద ఇసుక కరకరమంది. పక్కాయన ఏ అనుభవంతోనో గానీ కళ్లజోడు పెట్టుకుని, సోడా మీద టోపీ బోర్లించి కూర్చున్నాడు. చివరి మలుపులో చేజ్ బ్రిస్కో, గ్రాంట్ ఎన్‌ఫింగర్ ఒకరినొకరు రాసుకుంటూ వచ్చి గీత దాటారు. ఎవరు ముందో నాకు అర్థం కాలేదు. బ్రిస్కో, 0.038 సెకన్ల తేడాతో.

కాబట్టి ఒక్కటే అంటే ఎల్డోరా 2018. కాస్త తీరిక ఉంటే 2013లో బెనింగ్ హీట్ కూడా. నేరుగా మట్టి వాసన చూడాలంటే అక్కడ ట్రక్కులు లేకపోయినా సెప్టెంబరులో వరల్డ్ 100 అనే పందెం ఉంది, మట్టి పందేలకి చేసిన లేట్ మోడల్ కార్లతో. తెల్ల చొక్కా వేసుకెళ్లకండి. నాది మూడు ఉతుకులైనా ఆ గోధుమ రంగు వదల్లేదు.