మ్యూనిక్ సర్కారు బడి: నాలుగేళ్లు వాడాక నా రివ్యూ

కుక్కర్ గాస్కెట్ కొన్నా రివ్యూ రాసేస్తాం, మరి పిల్లని నాలుగేళ్లపాటు అప్పజెప్పిన బడికి ఎందుకు రాయకూడదు అనిపించి కూర్చున్నాను. ఏ బడో పేరు చెప్పను, ఎందుకంటే నాకున్న కంప్లయింట్లలో సగం ఆ బడివి కావు, ఆ పద్ధతివి. జర్మనీలో మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో సర్కారు ప్రైమరీ స్కూలు, అంటే వీళ్ల మాటలో గ్రుండ్‌షూలె, ఒకటి నుంచి నాలుగో క్లాసు వరకు. పోల్చి చూసుకోవడానికి మా ఇంట్లోనే ఇంకో రెండు శాంపిళ్లున్నాయి. మా అక్క పిల్లలు టెక్సస్‌లో డల్లాస్ దగ్గర చదువుతున్నారు, మా మరిది కొడుకు హైదరాబాదులో ఎనిమిదో క్లాసు. ఆదివారం వస్తే ఫ్యామిలీ గ్రూపులో ఎవరి పిల్లలకి ఏం చెప్తున్నారన్నదే గోల.

మేం 2021 ఆగస్టులో వచ్చాం. అప్పటికి మా అమ్మాయికి ఆరున్నర. హైదరాబాదులో యూకేజీ అయ్యింది, ఫస్ట్ క్లాసు అయ్యిందంటే అయ్యింది, కరోనా వల్ల అంతా ఫోన్లోనే. వచ్చీ రాగానే మొదటి షాక్ ఏంటంటే బడి ఎంచుకునే పనే లేదు. మీ ఇల్లు ఏ వీధిలో ఉందో ఆ వీధికి ఒక బడి రాసిపెట్టి ఉంటుంది, అంతే. ఇంకో బడి కావాలంటే కారణం చూపించి అర్జీ పెట్టుకోవాలి. హైదరాబాదులో ఎల్కేజీ సీటు కోసం నేనూ మా ఆయనా కొత్త బట్టలు వేసుకుని ఇంటర్వ్యూకి వెళ్లాం, "మీరు పాపతో ఇంట్లో ఏ భాష మాట్లాడతారు" అంటే ఇంగ్లీషే అని అబద్ధం కూడా ఆడాం. ఇక్కడ ఇంటి అడ్రసు కాగితం, పుట్టిన తేదీ సర్టిఫికెట్, టీకాల పుస్తకం. ఫీజు సున్నా. డొనేషన్ అన్న మాటకి జర్మన్‌లో ఏమంటారో నాకు ఇప్పటికీ అవసరం పడలేదు.

అయితే ఫ్రీ అన్నారు కదా అని జేబు తడుముకోకుండా వెళ్లకండి. సామాన్ల లిస్టు ఇస్తారు చూడండి, మన పెళ్లి సరుకుల చీటీ నయం. నోటు పుస్తకాల్లో గీతలకి నంబర్లుంటాయి, ఒకటో క్లాసుకి ఒకటో నంబరు గీత, రెండో క్లాసుకి రెండు. జర్మన్ పుస్తకానికి ఎర్ర అట్ట, లెక్కలకి నీలం, పరిసరాల పాఠానికి పచ్చ. రంగు పెన్సిళ్లు ఇరవై నాలుగు ఉంటే ఇరవై నాలుగింటి మీదా పేరు రాయాలి, చెక్కే మర మీద కూడా. రాత్రి పదకొండింటికి నేనూ మా ఆయనా నేల మీద కూర్చుని సన్న పెన్నుతో పెన్సిళ్ల మీద పిల్ల పేరు రాస్తుంటే ఎవరిది స్కూలో అర్థం కాలేదు. బ్యాగు ఒక్కటే రెండు వందల యూరోలు దాటింది. కానీ ఆ బ్యాగు నాలుగేళ్లు వానలో మంచులో తిరిగి ఒక్క కుట్టు ఊడలేదు, దానికి మాత్రం ఐదుకి ఐదు.

మొదటి రోజు బాగా చేస్తారు, మెచ్చుకోవాల్సిందే. పల్లీల పొట్లం ఉంటుంది కదా, అదే ఆకారంలో పిల్ల ఎత్తులో సగం ఉండే అట్ట పొట్లం ఒకటి, షుల్‌ట్యూటె అంటారు, దాన్నిండా చాక్లెట్లు, పెన్సిళ్లు, చిన్న బొమ్మలు నింపి చేతికిచ్చి పంపాలి. మనకి అక్షరాభ్యాసం రోజు పలకలు, బలపాలు పంచుతాం, వీళ్లు బడికెళ్లే పిల్లకే పెడతారు. మేం రెండూ కలిపేశాం, పొట్లం అడుగున మా అత్తగారు తెనాలి నుంచి పంపిన పలక పెట్టాను. ఫోటోలో మాస్కు వల్ల మూతి కనిపించదు గానీ కళ్లు నవ్వుతుంటాయి.

ఇక చదువు. ఇక్కడే నాకు బీపీ పెరిగింది. ఒకటో క్లాసు మొత్తం ఇరవై వరకే అంకెలు. ఏడాదంతా ఇరవై! రెండో క్లాసుకి వంద, మూడుకి వెయ్యి, నాలుగుకి పది లక్షలు. మా పిల్ల యూకేజీలోనే వంద దాకా గడగడా రాసేసింది, రెండో ఎక్కం మూడో ఎక్కం నోటికొచ్చు, ఇప్పుడేమో చెస్ట్‌నట్ కాయలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఫీజు లేదని పాఠం కూడా లేదా అని మా ఆయన మీద ఎగిరాను.

తర్వాత, రెండో క్లాసులో, డిక్టేషన్ పుస్తకం చూశాను. టీచరు ఇరవై ఐదు చెప్తే మా పిల్ల 52 రాసింది, ముప్పై ఆరుకి 63. వరసగా నాలుగు తప్పులు. వంద దాకా వచ్చిన పిల్లేనా ఇది అని తిట్టాను కూడా, పాపం. తీరా చూస్తే జర్మన్‌లో ఇరవై ఐదు అనరు, "ఐదూ ఇరవై" అంటారు, చెవిలో ముందు పడేది ఐదు, చెయ్యి ముందు అదే రాసేస్తుంది. ఇంకా ఉంది. మనం ఒకటి అంటే నిలువు గీత గీస్తాం, వీళ్ల ఒకటికి పైన వాలుగా తోకుంటుంది, తోక లేకపోతే ఎర్ర సిరా. ఏడుకి నడుముకి అడ్డగీత. గుణకారానికి ఇంటూ గుర్తు కాదు, మధ్యలో చుక్క. భాగహారానికి రెండు చుక్కలు, మధ్యలో గీత ఉండదు. దశాంశం దగ్గర చుక్క బదులు కామా. లెక్కలకి భాష అక్కర్లేదని చెప్పేవాళ్లు ఒక్కసారి మా ఇంటికొచ్చి ఆ నీలం అట్ట పుస్తకం చూడాలి. ఇరవై దగ్గర ఏడాది ఎందుకు ఆగుతారో అప్పుడు కాస్త అర్థమైంది. ఎనిమిదీ ఏడూ కూడమంటే మా పిల్ల వేళ్లు తీసేది, పక్కనున్న పిల్లాడు ఎనిమిదికి రెండు కలిపి పది చేసి, మిగిలిన ఐదు పైన వేసేవాడు. మా పిల్లకి వంద వరకు పేర్లొచ్చు, వాడికి ఇరవై వరకు అంకెలొచ్చు. తేడా అదీ.

మూడో క్లాసులో ఈత. నాలుగో క్లాసులో సైకిల్ పరీక్ష, పోలీసులే వచ్చి నేర్పించి, చెయ్యి చాపి మలుపు తిరగడం చూసి, పాసయితే కాగితం ఇస్తారు. బడికి పిల్లలు నడిచి వెళ్లాలి, కార్లో దింపితే టీచర్లు మొహం మాడ్చుకుంటారు. మొదటి నెల నేను చెట్ల చాటున దాక్కుని వెనకాలే వెళ్లాను. మూడో వారంలో వెనక్కి తిరిగి "అమ్మా, కనిపిస్తున్నావు" అంది.

టైమింగులకి మాత్రం ఐదుకి ఒకటి. ఎనిమిదికి మొదలై ఒక్కోరోజు పదకొండు ఇరవైకే అయిపోతుంది! పిల్లని దింపి ఇంటికొచ్చి అన్నం వండేలోపు మళ్లీ తీసుకురావాలి. మధ్యాహ్నం చూసుకునే చోటు వేరేగా ఉంటుంది, దానికి డబ్బూ వేరే, వెయిటింగ్ లిస్టూ వేరే. నాకు ఏడాదిన్నర దొరకలేదు, ఉద్యోగం సగం రోజుకి తగ్గించుకున్నాను. ఈ దేశంలో ఆడవాళ్లు పార్ట్‌టైం ఎందుకు చేస్తారో తెలియాలంటే బడి గంట ఎప్పుడు కొడతారో చూడండి చాలు. 2026 ఆగస్టు నుంచి ఒకటో క్లాసులో చేరే పిల్లలకి రోజంతా చూసుకునే చోటు హక్కుగా ఇవ్వాలని చట్టం చేశారు, తర్వాత ఏటా ఒక్కో క్లాసుకి పెంచుతారట. హక్కు ఉన్నా టీచర్లు, గదులు దొరకాలి కదా, చూద్దాం.

సెలవు సంగతి కూడా చెప్పాలి. టికెట్లు చవక అని సెలవులకి రెండ్రోజుల ముందే ఇండియాకి బయల్దేరదామనుకుంటే కుదరదు. బడికి పంపడం ఇక్కడ చట్టం, ఇంట్లో కూర్చోబెట్టి చదివిస్తామన్నా ఒప్పుకోరు. 2018లో మెమ్మింగెన్ ఎయిర్‌పోర్టులో పోలీసులు బడి ఎగ్గొట్టిన పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని పట్టుకున్న కథ ఇక్కడ మనవాళ్లందరికీ తెలుసు. మా అత్తగారికి చెప్తే నమ్మలేదు, "పెళ్లికొస్తే పోలీసులేంటి" అంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ మూడేళ్ల ఆటపాటలకీ బిల్లు నాలుగో క్లాసులో వస్తుంది. మే నెలలో ఒక సర్టిఫికెట్ ఇస్తారు, జర్మన్, లెక్కలు, పరిసరాలు, ఈ మూడింటి సగటు. ఇక్కడ గ్రేడు ఒకటి అంటే బెస్టు, ఆరు అంటే సున్నా కింద లెక్క. సగటు 2.33 లోపు ఉంటే గిమ్నాజియం, అంటే నేరుగా యూనివర్సిటీ దారి. 2.66 లోపు ఉంటే రెయాల్‌షూలె, పదో క్లాసు దాకా. అదీ దాటితే మిట్టెల్‌షూలె, అంటే ఎక్కువగా చేతిపనుల వైపు నడిపే బడి. పిల్లకి పదేళ్లు! బెర్లిన్‌లో ఆరో క్లాసు దాకా కలిసే చదువుతారు, కొన్ని రాష్ట్రాల్లో చివరి మాట తల్లిదండ్రులది, బవేరియాలో మాత్రం ఈ పాయింట్లదే.

మూడేళ్లు హోంవర్క్ అరగంట అన్న బడి నాలుగో క్లాసు సెప్టెంబరు నుంచి మారిపోయింది. టెస్టు మీద టెస్టు. పక్కింటి జర్మన్ ఆవిడ, ఎప్పుడూ "పిల్లల్ని పిల్లల్లా ఉండనివ్వాలి" అనే మనిషి, ట్యూషన్ పెట్టించింది. నాకు ఒక్కసారిగా అమీర్‌పేటలో ఉన్నట్టు అనిపించింది, నిజం చెప్పాలంటే కాస్త ధైర్యం కూడా వచ్చింది, ఈ ఆట మనకి తెలిసిందే కదా అని.

ఆ ఏడాది పేరెంట్స్ మీటింగు. పది నిమిషాలు టైమిస్తారు, పిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చోవాలి. టీచరు మంచిదే, కానీ ఆ రోజు "మీ పాప బాగా చేస్తోంది, అయినా గిమ్నాజియం అందరికీ అవసరం లేదు కదా, ఇంట్లో జర్మన్ మాట్లాడరు కూడా" అంది. హైదరాబాదులో ఇంగ్లీషు మాట్లాడతామని అబద్ధం చెప్పి సీటు తెచ్చుకున్నదాన్ని, ఇక్కడ తెలుగు మాట్లాడతామని నిజం చెప్పి మాట పడ్డాను. మా ఆయన జర్మన్‌లో ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. బయటికొచ్చాక కారిడార్లో ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మేలో వచ్చింది: లెక్కలు 2, జర్మన్ 3, పరిసరాలు 3. సగటు 2.66. ఒక్క సబ్జెక్టులో ఒక్క గ్రేడు తేడా. మూడు రోజుల ప్రత్యేక పరీక్ష రాసి గిమ్నాజియంలోకి వెళ్లే అవకాశం ఇస్తారు. అడిగితే మా అమ్మాయి "నా ఫ్రెండ్స్ ముగ్గురూ రెయాల్‌షూలెకే" అంది, రాయనంది. పంపేశాం. మావయ్యగారు ఫోన్ చేసి, "ఏంటమ్మా, నాలుగో క్లాసుకే పాలిటెక్నిక్ అని రాసిచ్చేశారా పిల్లకి?" అన్నారు. పాలిటెక్నిక్ చదివి మూడిళ్లు కట్టిన మనిషే ఆయన. దారి మూసుకుపోలేదని, పదో క్లాసయ్యాక పై బడికి వెళ్లి పన్నెండో, పదమూడో పూర్తి చేసి యూనివర్సిటీకి వెళ్లొచ్చని బొమ్మ గీసి వాట్సాప్‌లో పెట్టాను. బ్లూ టిక్ వచ్చింది, జవాబు రాలేదు.

ఈ పద్ధతి మీద జర్మనీ వాళ్లకే పూర్తి నమ్మకం లేదు లెండి. పీసా అని దేశదేశాల పదిహేనేళ్ల పిల్లలకి పెట్టే పరీక్ష ఉంది కదా, 2000లో రాసినదాని ఫలితాలు 2001 డిసెంబరులో వస్తే సగటు కంటే కింద ఉన్నారు. పైగా అమ్మానాన్నలు ఎంత చదివారన్నది పిల్లల మార్కుల్లో కొట్టొచ్చినట్టు కనిపించింది. దేశమంతా గగ్గోలు. మనం నవ్వేలోపు చెప్తున్నా, 2009 రౌండు మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాస్తే అట్టడుగుకి వెళ్లాం, మన కింద కిర్గిజిస్తాన్ ఒక్కటే. తర్వాత 2012, 2015 రౌండ్లకి వెళ్లనే లేదు. సిలబస్ కష్టం, పిల్లలు తెలివైనవాళ్లు అని మనకి మనమే చెప్పుకుంటూ పోతున్నాం.

మా అక్కది వేరే కథ. అక్కడా ఫీజు లేదు, పసుపు బస్సు గుమ్మం దగ్గరికే వస్తుంది, పదేళ్లకి ఎవరూ విడగొట్టరు, హైస్కూల్లో నచ్చిన సబ్జెక్టు తీసుకోవచ్చు. కానీ మంచి బడి కావాలంటే ఆ బడి జోన్‌లో ఇల్లు కొనాలి. ఇల్లు అమ్మే యాప్‌లో పడగ్గదుల పక్కనే బడికి పదికి ఎంత అని ఉంటుంది. తొమ్మిది ఉన్న వీధిలో కొన్నారు, ఇంటి పన్నులో పెద్ద వాటా స్కూలుకే పోతుంది. నేను ఫీజు లేదు అంటే అక్క "నాది ముప్పై ఏళ్ల ఈఎంఐలో ఉందే" అంటుంది. మరిది కొడుకుదేమో చెప్పక్కర్లేదు. ఆరున్నరకి బస్సు, ఆరో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఆదివారం టెస్టు, పదో ఎక్కం కాదు వర్గమూలాలు కూడా నోటికి చెప్తాడు. మొన్న వీడియో కాల్లో మా అమ్మాయి "నువ్వు సైకిల్ తొక్కుతావా" అంటే వాడు "సండే టెస్టయ్యాక" అన్నాడు. ఫిన్లాండ్‌లో పరీక్షలే లేవని, హోంవర్కే ఉండదని ఫార్వార్డులు పంపేవాళ్లకి ఒక మాట: రెండూ ఉన్నాయి. పై క్లాసు చివర పెద్ద పరీక్ష రాయాల్సిందే.

నా లెక్కలో ఎక్కడైనా ఒకచోట కౌంటరు పెట్టి వసూలు చేస్తారు. బవేరియాలో పదేళ్లకి, మన దగ్గర పదిహేడేళ్లకి అని చెప్పి పదకొండు నుంచే, అమెరికాలో ఇల్లు కొన్న రోజే. ఏది నయమంటే నేను పదేళ్లది అనను. అంత చిన్న పిల్ల తన కాగితం చేత్తో పట్టుకుని పాయింటు తర్వాత ఆరు ఒకటా రెండా అని అడగడం చూశాను.

అయినా సరే రేటింగ్ ఐదుకి మూడున్నర ఇస్తున్నా. టీచర్లకి, సైకిల్‌కి, ఆ ఇరవై అంకెలకి కలిపి. టైమింగులకీ 2.33కీ కోత. కొత్తగా వచ్చేవాళ్లకి ఒక్కటే చెప్తా, రెండో క్లాసు నుంచే పిల్ల జర్మన్ పుస్తకాలు రోజూ పైకి చదివేలా చూడండి, నాలుగో క్లాసులో మేల్కొంటే లాభం లేదు, మేం అలాగే దెబ్బతిన్నాం. ఇంట్లో తెలుగు మాత్రం మానకండి.

మా చిన్నోడు సెప్టెంబరులో చేరుతున్నాడు. అదే వీధి, అదే బడి. వాళ్లక్క బ్యాగు వద్దంట, గులాబీ రంగుదంట. పొట్లానికి అట్ట కొన్నాను, దాని మీద డైనోసార్ అతికించాలంట, పచ్చది కాదు, నీలంది. నీలం డైనోసార్ ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు కింద చెప్పండి.