దూరంలో గవర్నమెంట్ సీటా, ఇంటి దగ్గర బి కేటగిరీయా: ఏది మేలు?

కాళోజీ యూనివర్సిటీ ఎంబీబీఎస్ సీట్లకు వెబ్ ఆప్షన్లు ఓపెన్ చేయగానే చుట్టాలు, తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే. ఆసిఫాబాద్‌లోనో ములుగులోనో కొత్త గవర్నమెంట్ కాలేజీలో కన్వీనర్ సీటు (నీట్ ర్యాంకు మీద తక్కువ ఫీజుకు వచ్చేది) వచ్చేలా ఉంది, పిల్లని అంత దూరం పంపాలా, లేకపోతే ఏదో తంటాలు పడి హైదరాబాద్‌లోనే బి కేటగిరీలో, అంటే ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించి కళ్లముందు ఉంచుకోవాలా? పోయినేడాది మా అన్నయ్య కూతురి విషయంలో మా ఇంట్లోనూ ఇదే చర్చ. నేను డాక్టర్ని కాబట్టి ఆఖరి మాట నన్నే చెప్పమన్నారు. దూరమైనా గవర్నమెంట్ సీటే తీసుకోమన్నాను. ఎందుకన్నానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఫీజుల తేడా మీకు తెలిసిందే. తెలంగాణ గవర్నమెంట్ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు, ప్రైవేటు బి కేటగిరీలో 12 లక్షలకు అటూ ఇటూ. హాస్టలు, పుస్తకాలు కలుపుకుంటే కోర్సు అయ్యేసరికి 60 లక్షలు దాటుతుంది. చాలామంది ఈ 60 లక్షలు ఎలా తేవాలా అన్నదగ్గరే ఆగిపోతున్నారు. ఎకరం అమ్ముదామా, ఇల్లు తాకట్టు పెడదామా అని. నేను చూడమనేది ఆ తర్వాతి సంగతి. ఎంబీబీఎస్‌తో చదువు అయిపోయే రోజులు ఎప్పుడో పోయాయి. ఇంటర్న్‌షిప్ అయ్యాక పీజీ సీటు ఎంట్రన్స్ అయిన నీట్ పీజీకి ఏడాదో, రెండేళ్లో కూర్చుని చదవాల్సి వస్తుంది, మంచి బ్రాంచి కావాలంటే ఇంకోసారి రాయాల్సి రావచ్చు. ఆ రెండేళ్లూ పిల్ల సంపాదించదు. అప్పుడు ఇంట్లో అప్పు ఉందా లేదా అన్నదే ఆమె ఎలాంటి డాక్టరవుతుందో తేలుస్తుంది.

ఆ 60లో 40 లక్షలు లోను తెచ్చారనుకుందాం. 10 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు దాదాపు 53 వేలు, అది కూడా చదువుతున్నన్నాళ్లూ పెరిగిన వడ్డీ కలపకుండా. మా వైపు నర్సింగ్ హోముల్లో కొత్తగా ఎంబీబీఎస్ అయినవాళ్లకు నైట్ డ్యూటీలతో కలిపి ఇచ్చేది కూడా కాస్త అటూఇటుగా అంతే. అంటే పగలు నిద్ర, రాత్రి డ్యూటీ, పుస్తకం పట్టుకునేది ఎప్పుడు? బాగా చదివే పిల్లలు ఇలా డ్యూటీ డాక్టర్లుగానే మిగిలిపోవడం నేను కళ్లారా చూశాను, ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే చెప్తున్నా, ఆ పొలం ఉంటే ఉండనీయండి, రేపు పీజీ అప్పుడు అక్కరకొస్తుంది.

కొత్త కాలేజీల్లో ఫ్యాకల్టీ లేరు కదా అంటారు. కొరత ఉన్నమాట నిజమే, కాదనను. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పిల్లలు సగం సొంతంగానే లాగాలి. కానీ రెండో ఏడాది నుంచి వార్డు పోస్టింగులు మొదలయ్యాక జిల్లా ఆస్పత్రి తన విలువ చూపిస్తుంది. పాముకాట్లు, పురుగుమందు తాగిన కేసులు, రాత్రంతా కాన్పులు. ఏ కాలేజీ అయినా సరే ఆప్షన్ పెట్టే ముందు ఒక సోమవారం పొద్దున పది గంటలకు చెప్పకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఓపీ చీటీల లైను ఎంతుందో, లేబర్ రూములో ఎన్ని మంచాలు నిండి ఉన్నాయో చూడండి, క్యాంటీన్లో సీనియర్లు కనపడితే ఒక టీ తాగుతూ అడగండి. ప్రైవేటులో బిల్డింగు తళతళలాడుతూ వార్డులు ఖాళీగా ఉంటే ఆ సీటుకు లక్షలు పోయడం దండగ.

ఇక దూరం. మా వదినకు అదే పెద్ద టెన్షన్, ఆడపిల్లని ఒక్కదాన్నే పంపాలా అని. ఆ భయం నాకు అర్థమవుతుంది. అయితే హైదరాబాద్ ప్రైవేటు కాలేజీలు ఎక్కువగా ఊరవతలే ఉన్నాయి. ఎల్బీనగర్‌లో ఇల్లుండి మేడ్చల్ అవతల కాలేజీ అయితే రోజూ తిరగడం కుదిరే పని కాదు, అక్కడా హాస్టలే. ఆసిఫాబాద్ వైపు కాగజ్‌నగర్ దాకా రైలుంది, సెలవులకు వచ్చిపోవచ్చు. కాకపోతే హాస్టల్ మాత్రం మీరే వెళ్లి చూడండి. కొన్నిచోట్ల అద్దె బిల్డింగుల్లో నడుస్తున్నాయి, నీళ్లు, వార్డెను, రాత్రి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చే దారి, ఇవన్నీ తల్లి కళ్లతో చూడాల్సినవే.

ఇంట్లో తల్లికో తండ్రికో డయాలసిస్ లాంటిదేదో నడుస్తూ, చూసుకోవడానికి వేరే ఎవరూ లేకపోతే నా లెక్క పనిచేయదు, దగ్గరే మేలు. ఆస్తులు అమ్మకుండా, అప్పు లేకుండా కట్టగలిగినవాళ్లకీ అంతే, వాళ్లు కేసులు బాగా వచ్చే ప్రైవేటు కాలేజీ నిశ్చింతగా తీసుకోవచ్చు. ప్రైవేటులోనే 'ఎ' కేటగిరీ అనే కన్వీనర్ సీటు, ఏడాదికి 60 వేల ఫీజుది, దగ్గర్లో వస్తే నేనైతే కొత్త గవర్నమెంట్ కాలేజీ కంటే ముందు దాన్నే పెడతాను. ఆంధ్రావాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2023లో మొదలైన విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీలు గవర్నమెంటువే అయినా అక్కడ సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు పెట్టారు, బి కేటగిరీకి ఏడాదికి 12 లక్షలు, ఎన్నారైకి 20 లక్షలని. కాలేజీ పేరు చూసి ఊరుకోకుండా కేటగిరీ చూసుకోండి.

జార్జియా, కిర్గిజ్‌స్థాన్ వెళ్లి ఎంబీబీఎస్ చదివే సంగతి కూడా అడుగుతున్నారు. ఖర్చు బి కేటగిరీ కంటే తక్కువే అవుతుంది గానీ తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈలో, అంటే విదేశాల్లో చదివినవాళ్లకు ఇక్కడ పెట్టే పరీక్షలో, 300కి 150 తెచ్చుకుని గట్టెక్కాలి, 2024 జూన్‌లో పాసైనవాళ్లు 21 శాతం లోపే. ఆ పైన ఇక్కడ మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. డీమ్డ్ యూనివర్సిటీల ఫీజులు బి కేటగిరీని మించి ఉంటాయి, మధ్యతరగతికి ఆ ఊసే వద్దు. కొద్ది మార్కుల్లో కన్వీనర్ సీటు పోయి, పిల్లకి మళ్లీ చదివే ఓపిక ఉంటే మళ్లీ నీట్ రాయడానికి ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టించడం వీటన్నిటికంటే నయం. ఆ ఓపిక ఉందో లేదో మీరు తేల్చకండి, పిల్లనే అడగండి.