రికార్డింగ్ బాక్స్‌కి వైఫై డాంగిల్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

ఇంట్లో రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్స్‌కి వైఫై పెట్టిద్దాం అనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మూడు వారాలు దీని చుట్టూ తిరిగాను. డబ్బు పోయింది సరే, అమ్మ ఏటా దాచుకునే భద్రాచలం కల్యాణం రికార్డింగ్ కూడా సగంలో పోయింది. ఇంకో ఇంట్లో అలా జరగకూడదు.

మా బాక్స్ అట్టపెట్టె మీద ‘వైఫై రెడీ’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. లోపల వైఫై ఉందనే కొన్నాం. లేదు. వెనక ఒక లాన్ పోర్టు (నెట్ వైరు పెట్టేది), ఒకే ఒక యూఎస్‌బీ పోర్టు, అంతే. డాంగిల్, అంటే యూఎస్‌బీకి గుచ్చే చిన్న వైఫై పరికరం, విడిగా కొనుక్కుని పెట్టుకోవాలట. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఏ డాంగిల్ కొనాలని అడిగితే, ‘మార్కెట్లో దొరికే ఏదైనా పనిచేస్తుంది మేడమ్’ అన్నారు. మొదటి దెబ్బ ఆ మాట నమ్మడమే.

ఆన్‌లైన్‌లో 499 రూపాయలకి ఒకటి తెప్పించాను. ‘ఏ సెట్‌టాప్ బాక్స్‌కైనా సరిపోతుంది, డ్రైవర్ అక్కర్లేదు’ అని రాసి ఉంది. డ్రైవర్ అంటే ఆ పరికరాన్ని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్. బాక్స్‌కి పెడితే నెట్‌వర్క్ సెట్టింగుల్లో వైఫై అన్న వరసే రాలేదు. తీసి లాప్‌టాప్‌కి పెట్టి చూశాను. అక్కడ సీడీ డ్రైవ్ బొమ్మ వచ్చింది! తెరిస్తే లోపల ఒక సెటప్ ఫైలు. అప్పుడు అర్థమైంది. డ్రైవర్ అక్కర్లేదు అంటే డ్రైవర్‌ని డాంగిల్‌లోనే పెట్టి పంపారని. పెట్టగానే అది ముందు సీడీలా కనిపిస్తుంది, విండోస్‌లో ఆ ఫైలు నడిపాకే వైఫైగా మారుతుంది. మన బాక్స్ విండోస్ కాదు కదా, దానికది ఎప్పటికీ సీడీయే.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. డాంగిల్ మీద ఏ కంపెనీ పేరుందన్నది లెక్కలోకి రాదు, లోపల ఏ చిప్ ఉందన్నదే లెక్క. బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని చిప్‌లకే డ్రైవర్ పెట్టి ఉంటారు, మిగతావాటిని అది పట్టించుకోదు. పైగా ఒకే పేరు, ఒకే మోడల్ నంబర్ మీద వెర్షన్ మార్చి లోపల వేరే చిప్ పెట్టి అమ్మడం కూడా ఉంది. నాలుగేళ్ల కిందట ఎవరో ‘నాకు పనిచేసింది’ అని రాశారని ఈరోజు అదే మోడల్ కొంటే, మీ చేతికొచ్చేది అదే వస్తువని భరోసా లేదు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, ఆ డాంగిల్ ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూస్తే విఐడి (VID, తయారీదారు నంబరు), పిఐడి (PID, వస్తువు నంబరు) అని రెండు నంబర్లు ఉంటాయి. నాకొచ్చినదానికి 0బిడిఎ (0BDA), 1ఎ2బి (1A2B) అని చూపించింది, అది ఈ సీడీ అవతారం నంబరు. మీకూ అదే కనిపిస్తే ఆ రోజే వెనక్కి పంపేయండి.

రెండోది ఊళ్లో కంప్యూటర్ షాపులో చిప్ పేరు అడిగి తీసుకున్నాను. ఆర్‌టీ5370 చిప్ ఉన్నది. దాన్ని బాక్స్ గుర్తుపట్టింది, కానీ మా వైఫైకి కనెక్ట్ కాలేదు. సర్వీస్ అబ్బాయి వచ్చి 350 తీసుకుని పది నిమిషాలు చూసి, ‘అక్కా, రూటర్‌కి పాస్‌వర్డ్ తీసేయండి, వెంటనే ఎక్కుతుంది’ అన్నాడు. దయచేసి ఎవరు చెప్పినా ఆ పని మాత్రం చేయకండి. ఫోన్లు, బ్యాంకు యాప్‌లు అన్నీ నడిచే నెట్ అది. పాస్‌వర్డ్ తీస్తే వీధిలో పోయేవాళ్లెవరైనా అందులోకి రావచ్చు, వాళ్లేం చేసినా కనెక్షన్ మాత్రం మన పేరు మీదే ఉంటుంది. లోపం పాస్‌వర్డ్‌ది కానే కాదు. మా కొత్త రూటర్ డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై భద్రత మీద ఉంది, బాక్స్‌కి దాని ముందుదైన డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. రూటర్ పేజీలోకి వెళ్లి డబ్ల్యూపీఏ2 పెట్టి, రూటర్ ఇచ్చే రెండు రకాల వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ దానికి వేరే పేరు ఇచ్చాను. ఆ చిప్‌కి 5 గిగాహెర్ట్జ్ అసలు కనిపించదు. పాస్‌వర్డ్ ఉండగానే కనెక్ట్ అయింది.

అయిపోయిందనుకున్నాను. కానీ బాక్స్‌కి ఉన్నది ఒకే యూఎస్‌బీ పోర్టు. అందులో రికార్డింగ్ హార్డ్ డిస్క్ ఉండాలి, డాంగిల్ కూడా ఉండాలి. డాంగిల్ అమ్మిన ఆన్‌లైన్ సెల్లర్ దగ్గరే ‘రెండూ కలిపి వాడుకోవచ్చు’ అన్న మాటతో, ఒక పోర్టుని కొన్నిగా చేసే 250 రూపాయల హబ్ కూడా తీసుకుని ఉన్నాను. రెండూ దానికి గుచ్చాను. నాలుగు రోజులు బాగానే నడిచింది.

శ్రీరామనవమి రోజు అమ్మ ఉదయాన్నే లైవ్‌కి రికార్డింగ్ పెట్టి వంటింట్లోకి వెళ్లింది. ఇంటికొచ్చేవాళ్లకి పానకం, వడపప్పు చేయాలి. సాయంత్రం అన్నీ సర్దుకుని, అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూడటం ఆమెకి ఏటా అలవాటు. ఆ సాయంత్రం జీలకర్ర బెల్లం దాకా వచ్చి బొమ్మ ఆగిపోయింది. మాంగల్యధారణ లేదు, తలంబ్రాలు లేవు. అమ్మ రిమోట్ మళ్లీ మళ్లీ నొక్కింది. అమ్మమ్మ ‘కరెంటు పోయిందేమోనే’ అంది.

కరెంటు పోలేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా ఇచ్చే కరెంటు 500 మిల్లీయాంపులు. చిన్న హార్డ్ డిస్క్ ఒక్కదానికే అది బొటాబొటి. మధ్యలో డాంగిల్ కూడా కరెంటు లాగేసరికి డిస్క్ ఊడిపోయినట్టు పడిపోయింది, రికార్డింగ్ అక్కడే తెగిపోయింది. విడిగా అడాప్టర్ లేని హబ్ ఒక పోర్టునే పంచుతుంది తప్ప కొత్తగా కరెంటు తేదు. డాంగిల్ తీసేసి డిస్క్ నేరుగా పెట్టి చూస్తే మళ్లీ ఒక్కసారి కూడా పడలేదు.

ఇప్పుడు డాంగిల్ మానేశాను. లాన్ పోర్టు ఉన్న చిన్న వైఫై రిపీటర్ కొని టీవీ పక్క ప్లగ్‌లో పెట్టాను. గోడల అవతలి వైఫై అది అందుకుంటుంది, దాన్నుంచి మూర లాన్ వైరు బాక్స్‌కి. బాక్స్‌కి అది మామూలు వైరు నెట్టే, చిప్ గొడవ లేదు, డ్రైవర్ గొడవ లేదు, యూఎస్‌బీ పోర్టు మొత్తం డిస్క్‌దే. మొదటే ఇది చేసి ఉంటే ఆ సాయంత్రం అమ్మ ముఖం అలా ఉండేది కాదు. కొనేటప్పుడు రిపీటర్‌కి లాన్ పోర్టు ఉందో లేదో చూసుకోండి, కొన్నిటికి ఉండదు.

డబ్బు గురించి. సెల్లర్ మొదట ‘సీల్ తీశారు, రిటర్న్ కుదరదు’ అన్నాడు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువుకి లేకపోతే వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ‘ఏ సెట్‌టాప్ బాక్స్‌కైనా’ అన్న పేజీ స్క్రీన్‌షాట్, టీవీ తెర ఫొటో, బిల్లు జత చేసి ఫిర్యాదు పెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేశాను. తొమ్మిదో రోజు 499 వెనక్కి వచ్చింది. హబ్ డబ్బు ఇంకా రాలేదు, దాని మీద ఫిర్యాదు నడుస్తోంది. నేను స్క్రీన్‌షాట్ తీసిన రెండు రోజులకే ఆ పేజీలో ‘ఏ సెట్‌టాప్ బాక్స్‌కైనా’ అన్న మాట మాయమైంది. కొనే ముందే మీరు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.