ఉద్దానం దారుల్లో వి-క్రాస్ పికప్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్, 1.9 లీటర్ల డీజిల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందించగల ఏర్పాటు). శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల పనికీ, అప్పుడప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖ ప్రయాణానికీ దీన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఈ బండి మన రాష్ట్రంలోని శ్రీసిటీలోనే తయారవుతుంది.

ఇలాంటి పికప్ కొనదలచినవారు ముందుగా చూడవలసింది ఇంజన్ శక్తి కాదు, ఆర్‌సీలో ఉండే రెండు అంకెలు. సరుకుతో సహా అనుమతించిన పూర్తి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయగా మిగిలిన దాంట్లోనే మనుషులూ సరుకూ ఇమడాలి. ఐదుగురు ఎక్కి, 80 కిలోల జీడిపిక్కల బస్తాలు రెండు మూడు వేసేసరికి ఆ మిగులు కాస్తా హరించుకుపోతుంది. ఇంతకంటే ఎంతో తక్కువ ధరకు వచ్చే బొలెరో పికప్ టన్నుకు పైగా సరుకు మోస్తుంది కాబట్టి, పలాస పిక్కల వ్యాపారులు దాన్ని వదిలి దీని వైపు చూడకపోవడంలో వింతేమీ లేదు. వెనుక సరుకు తొట్టి ఉన్న కారుగా లెక్కవేస్తేనే దీనికి పెట్టిన డబ్బు సబబనిపిస్తుంది.

163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) చెప్పుకోదగ్గవే గానీ, టార్క్ పూర్తిగా అందేది 2000 ఆర్‌పీఎం దాటాకనే. సాలూరు ఘాట్ మలుపుల్లో ఒక గేరు తగ్గించి నడపడం అలవాటు చేసుకోవాలి. తీరం ఇసుకలో ‘4L’ (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో లాగే గేరు) వేసి, టైర్ల గాలి కొంత తగ్గిస్తే బండి నింపాదిగా బయటపడుతుంది. కాశీబుగ్గ బజారులో మాత్రం 5.3 మీటర్ల పొడవుతో వెనక్కి తిప్పుకోవడం ప్రహసనమే.

మైలేజీ నాకు లీటరుకు పదకొండు, పన్నెండు కిలోమీటర్ల మధ్య వస్తోంది. డీజిల్ 97 రూపాయల లెక్కన కిలోమీటరుకు ఎనిమిది నుంచి తొమ్మిది రూపాయలు. ఇచ్ఛాపురం దాటే పని పడితే ఒడిశాలో చవగ్గా ట్యాంకు నింపుకోవడం మా వైపు అందరూ చేసేదే. బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఊళ్లో చిన్న చిన్న తిరుగుళ్లకే వాడితే అది నిండిపోతుంది కనుక, వారానికోసారైనా హైవే మీద అరగంట ఆగకుండా నడపాలి.

భద్రత గురించి ఒక స్పష్టత అవసరం. ఆస్ట్రేలియాలో కార్ల భద్రతను పరీక్షించే ఏఎన్‌క్యాప్ సంస్థ 2020లో ఐదు నక్షత్రాలు ఇచ్చినది కొత్త తరం డి-మాక్స్‌కు. నా దగ్గర ఉన్నది అంతకు ముందరి తరం. ఆ నక్షత్రాలు చూసి దీన్ని కొనకూడదు. వెనుక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) బరువు కోసం అమర్చినవి కాబట్టి, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల్లో తోక ఎగురుతుంది, తొలకరి వానకు నునుపెక్కిన తారు మీద గట్టిగా బ్రేకు వేస్తే పక్కకు లాగుతుంది. వానాకాలం కొంత బరువు, అదీ కదలకుండా కట్టి, తొట్టిలో ఉంచుతాను. అదే తొట్టిలో జనాన్ని ఎక్కించి అరసవల్లి తీసుకెళ్లమని బంధువులు ఎంత అడిగినా ఒప్పుకోను. అక్కడ బెల్టూ లేదు, పైకప్పూ లేదు.

సముద్రపు గాలికి ఇనుము నిలవదు. కొబ్బరి పీచు పొట్టు తొట్టి మూలల్లోని నీటి రంధ్రాలను మూసేస్తే, తడిసిన పొట్టు కింద రంగు పొంగి తుప్పు మొదలవుతుంది. ఆ రంధ్రాల్లో సన్నని పుల్ల పెట్టి తీసి, మంచినీళ్లతో కడగాలి. టైర్లు అరిగినప్పుడు నాలుగూ కలిపి మార్చడం మంచిది, ఎందుకంటే ముందు వెనుక చక్రాల చుట్టుకొలతలో తేడా ఉంటే ఫోర్ బై ఫోర్ గేర్ల మీద భారం పడుతుంది.