మిర్యాలగూడ ఎండలకు, మిల్లుల దుమ్ముకు డీప్‌కూల్ ఏకే400, ఆర్కిటిక్ పీ12 ఫ్యాన్లు ఎలా ఉన్నాయంటే

ఇంట్లో పీసీ కట్టుకునేవాళ్లు చాలామంది డబ్బంతా ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ పెట్టేసి, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్, క్యాబినెట్ ఫ్యాన్ల దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటి చాలులే అంటారు. మన దగ్గర అలా కుదరదు. యూట్యూబ్‌లో కనిపించే కూలర్ రివ్యూలు ఎక్కువగా 20, 25 డిగ్రీలున్న గదిలో చేసినవి. మే నెల మధ్యాహ్నం మిర్యాలగూడలో ఏసీ లేని గది 40 దాకా పోతుంది. గాలి కూలరైనా లిక్విడ్ కూలరైనా గదిలో ఉన్న వేడికంటే కిందికి ప్రాసెసర్‌ను దించలేదు. అంటే 25 డిగ్రీల గదిలో 70 చూపించిన కూలర్, అదే పనికి మన 40 డిగ్రీల గదిలో దాదాపు 85 చూపిస్తుంది. రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కు దాని కంపెనీ ఏఎండీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు. అక్కడికి చేరితే స్పీడ్ తనంతట తనే తగ్గించుకుంటుంది.

మా అన్న కొడుకు పీసీలో ఉన్నది ఆ 5600నే. డబ్బాలో దాంతో వచ్చే రెయిత్ స్టెల్త్ పొట్టి అల్యూమినియం కూలర్, చలికాలానికి పర్లేదు. ఎండాకాలంలో వీడియో రెండర్ పెడితే మాత్రం గోల గోలగా తిరుగుతుంది. దాని బదులు డీప్‌కూల్ కంపెనీ ఏకే400 బిగించాం, ఇది నిలువుగా ఉండే టవర్ కూలర్. వేడిని పైకి లాగే 4 హీట్ పైపులు, ఒక 120 మి.మీ. ఫ్యాన్, ధర 3 వేల చుట్టుపక్కల. 5600 ఎంత లాగినా మామూలు సెట్టింగ్స్‌లో 76 వాట్లు దాటదు, దానికి ఈ కూలర్ ధారాళంగా సరిపోతుంది. ఇప్పుడు పొడుగాటి రెండర్ పెట్టినా స్పీడ్ పడిపోవడం లేదు, చప్పుడు సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 అనే పెద్ద గాలి కూలర్ ఇంకా మంచిదే, కాదనను, కానీ దాని ధరకు ఇలాంటివి రెండు మూడు వస్తాయి. ఈ ప్రాసెసర్‌కు అంత అక్కర్లేదు.

పాత కూలర్ తీసేటప్పుడు జాగ్రత్త. 5600 కూర్చునే ఏఎం4 రకం సాకెట్‌లో, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే పేస్ట్ గట్టిపడి ఉంటే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి కూలర్‌తో పాటు వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు పీసీని కాసేపు నడిపి వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసేసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తండి. స్క్రూలు విప్పగానే బోర్డు వెనక ఉన్న ప్లేటు జారిపోతుంది, దాన్ని చేత్తో పట్టుకోండి, కొత్త కూలర్‌కు అదే కావాలి.

ఇక ఫ్యాన్లు. నన్నడిగితే కూలర్ కన్నా ముందు చూడాల్సింది ఇవే, ఎందుకంటే క్యాబినెట్‌లో వేడి గాలి నిలిచిపోతే ఎంత పెద్ద కూలరైనా ఆ వేడి గాలినే తిప్పి తిప్పి పీలుస్తుంది. పైగా మా ఊరి చుట్టూ రైస్ మిల్లులు, వడ్లు దిగే సీజన్‌లో ఊక నుసి, తౌడు ధూళి కిటికీ సందుల్లోంచి కూడా వచ్చేస్తాయి. అందుకే ముందువైపు మెష్, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉన్న క్యాబినెట్ ఎంచుకున్నాం, గాజు ముందుండే అందమైన క్యాబినెట్లు మన ఊళ్లకు పనికిరావు. ముందు మూడు ఫ్యాన్లు గాలి లోపలికి లాగేలా, వెనక ఒకటి బయటికి తోసేలా పెట్టాం. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము చాలావరకు ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది.

ఫ్యాన్లు ఆర్కిటిక్ పీ12 పీడబ్ల్యూఎం పీఎస్‌టీ. గరిష్ఠంగా 1800 ఆర్‌పీఎం, 56.3 సీఎఫ్‌ఎం (నిమిషానికి తోసే గాలి, ఘనపుటడుగుల్లో), స్టాటిక్ ప్రెషర్ (గాలిని తోసే ఒత్తిడి) నీటి మట్టం లెక్కలో 2.2 మి.మీ. ఈ చివరి అంకె మనకు ముఖ్యం: ఫిల్టర్ అడ్డమున్నప్పుడు గాలిని లాగే బలం అదే. సీఎఫ్‌ఎం ఒక్కటే చూసి కొంటే ఫిల్టర్ పెట్టగానే ఉసూరుమంటుంది. పీఎస్‌టీ రకానికి ఒకదాని వైరు ఇంకోదానికి తగిలించే వీలుంది, కాబట్టి ఫ్యాన్లన్నీ కలిపే హబ్ విడిగా కొనక్కర్లేదు. లైట్లు లేవు. మా పిల్లాడు మొదట మూతి ముడిచాడు గానీ, లైట్లకు పెట్టే డబ్బు ఫ్యాన్లకే పెడితే మేలు. మీరు బిగించేటప్పుడు స్టిక్కర్, దాన్ని పట్టుకున్న కాళ్లు ఉన్న వైపుకు గాలి పోతుందని గుర్తుపెట్టుకోండి.

షాపులో మాకు లిక్విడ్ కూలర్ అంటగట్టాలని చాలా చూశారు, ఎండలకు అదే కరెక్ట్ అన్నారు. ఈ ప్రాసెసర్‌కు నేను వద్దనే అంటాను. పంపు ఆగితే మొత్తం మార్చాల్సిందే, వేడిని బయటికి వదిలే రేడియేటర్‌లో దుమ్ము పేరుకుంటే శుభ్రం చేయడం ఇంకో టెన్షన్. టవర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, అది వేరే కొని పెట్టుకోవచ్చు.

మిల్లుల సీజన్‌లో ఫిల్టర్ వారం వారం దులపండి, కడిగితే బాగా ఆరాకే పెట్టండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. గదిలో నీళ్ల కూలర్ ఉంటే దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకుండా పక్కకు తిప్పండి. ఆర్డర్ పెట్టే ముందు మీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు కూలర్ పడుతుందో చూసుకోండి, ఏకే400 ఎత్తు 155 మి.మీ., తక్కువ ధర క్యాబినెట్లు కొన్నింట్లో పక్క డోర్ మూసుకోదు.